జెస్సీ ఓవెన్స్ : పత్తి చేను నుంచి ఒలింపిక్ మైదానం దాకా



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు ఎవరి గురించి రాయాలా అని ఆలోచించాను. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి మన సంచికల్లో చాలామంది చక్కగా రాశారు. నేను చదువులో అంతంత మాత్రం, ఆటల్లో మాత్రం ముందుండేవాణ్ణి. తెల్లవారుజామున చెప్పులు లేకుండా హాస్టల్ చుట్టూ పరుగెత్తిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఒక పరుగు వీరుడి గురించి రాస్తున్నాను. ఆయన పేరు జెస్సీ ఓవెన్స్. పుట్టింది అమెరికాలో. అయినా ఆయన బాల్యం చదువుతుంటే మన ఊరి కథే చదువుతున్నట్టు ఉంటుంది.

పాలుకు చేసే ఇంట్లో పదో బిడ్డ

1913 సెప్టెంబరు 12న అమెరికా దక్షిణాన ఉన్న అలబామా రాష్ట్రంలో, ఓక్‌విల్ అనే చిన్న పల్లెలో ఆయన పుట్టాడు. అసలు పేరు జేమ్స్ క్లీవ్‌లాండ్ ఓవెన్స్. తండ్రి హెన్రీ, తల్లి మేరీ ఎమ్మా. పది మంది సంతానంలో ఆయనే చివరివాడు. తాతల కాలంలో వాళ్లు బానిసలు. బానిసత్వం చట్టప్రకారం పోయింది గాని భూమి మాత్రం చేతికి రాలేదు. తండ్రి తెల్లవాళ్ల భూమిని పాలుకు సాగు చేసేవాడు. పండిన పత్తిలో భూస్వామి వాటా పోను, అప్పు పోను, మిగిలేది ఏమీ ఉండేది కాదు. ఏడాదంతా కష్టపడి లెక్క చూసుకుంటే మళ్లీ బాకీయే తేలడం అంటే ఏమిటో మన తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఇంటి పిల్లలు కూడా పత్తి తీయడానికి వెళ్లేవాళ్లు. చిన్నవాడికి ఒంట్లో శక్తి తక్కువ. ప్రతి చలికాలం ఊపిరితిత్తుల జబ్బు వచ్చేది. అయిదేళ్ల వయసులో ఛాతీ మీద ఒక గడ్డ లేచింది. డాక్టరుకు చూపించే స్తోమత లేదు. తల్లే కత్తి కాల్చి ఆ గడ్డను కోసి తీసేసిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఊపిరి ఆడక మంచం పట్టిన ఆ పిల్లవాడు తర్వాత ప్రపంచంలోనే అందరికన్నా వేగంగా పరుగెత్తాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఓవెన్స్ పుట్టిన ఆ 1913వ సంవత్సరంలోనే మన అంబేద్కర్ గారు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి అమెరికాలో అడుగుపెట్టారు. చదువు ముగించుకుని దేశానికి వచ్చి 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరితే, అంత చదివిన మనిషికి ఉండటానికి గది దొరకలేదు. తలదాచుకున్న సత్రం నుంచి కూడా వెళ్లగొట్టారు. ఈ గది సంగతి గుర్తుపెట్టుకోండి, ఓవెన్స్ కథలో కూడా వస్తుంది.

వలస వెళ్లాక వచ్చిన పేరు

ఓవెన్స్‌కు తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆ కుటుంబం పల్లె విడిచి ఉత్తరాన ఉన్న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరానికి వలస వెళ్లింది. ఆ రోజుల్లో దక్షిణాది నల్లజాతి కుటుంబాలు లక్షల సంఖ్యలో ఇలాగే ఉత్తరాది ఫ్యాక్టరీ పట్టణాలకు తరలిపోయాయి. అక్కడి బడిలో మొదటి రోజు టీచరు పేరు అడిగింది. ఇంట్లో అందరూ పిలిచే పొట్టిపేరు జె.సి. ఆ పిల్లవాడు అదే చెప్పాడు. అతని పల్లె యాస టీచరుకు సరిగా అర్థంకాక జెస్సీ అని రాసుకుంది. ఎదురు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాడు. ఆ పేరే ఆయన జీవితాంతం ఉండిపోయింది. రిజిస్టరులో ఇంటిపేరో పుట్టినతేదీయో తప్పుపడి అదే పదో తరగతి సర్టిఫికెట్ దాకా వచ్చినవాళ్లు మనలో ఎంతమంది లేరు!

నగరానికి వచ్చినా కష్టాలు తీరలేదు. బడి అయిపోగానే ఆయన పనికి వెళ్లేవాడు. సరుకులు ఇళ్లకు చేర్చాడు, రైలు పెట్టెల్లో సామాన్లు ఎక్కించాడు, చెప్పులు బాగుచేసే కొట్లో పని చేశాడు. ఇలాంటి కుర్రవాడిలోని పరుగును మొదట గుర్తించింది ఫెయిర్‌మౌంట్ స్కూల్లోని చార్లెస్ రైలీ అనే తెల్లజాతి వ్యాయామ ఉపాధ్యాయుడు. సాయంత్రం అందరూ ప్రాక్టీసు చేసే సమయానికి ఈ పిల్లవాడు పనిలో ఉంటాడు. అది తెలిసి రైలీ మాస్టారు ఒక్క విద్యార్థి కోసం ఉదయం బడి మొదలుకాక ముందే మైదానానికి వచ్చి నేర్పించాడు. కాళ్లు నేలను గట్టిగా కొట్టకూడదని, తేలిగ్గా తాకి లేవాలని నేర్పాడు. ఓవెన్స్ పరుగు చూసినవాళ్లంతా అందులో శ్రమ కనిపించదని ఆశ్చర్యపోవడానికి ఈ తెల్లవారుజాము శిక్షణే కారణం. తన విజయాల్లో ఎక్కువ భాగం ఆ మాస్టారిదేనని ఓవెన్స్ చివరిదాకా చెబుతూ వచ్చాడు.

ఈస్ట్ టెక్నికల్ హైస్కూల్లో చదువుతూ 1933లో షికాగోలో జరిగిన జాతీయ పాఠశాలల పోటీల్లో 100 గజాల పరుగును 9.4 సెకన్లలో ముగించాడు. అది అప్పటి ప్రపంచ రికార్డుతో సమానం. ఒక హైస్కూలు విద్యార్థి ఆ పని చేయడంతో దేశమంతా ఆయన వైపు చూసింది.

హాస్టల్‌లో చోటివ్వని యూనివర్సిటీ

ఆ తర్వాత కొలంబస్ నగరంలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. మన హాస్టల్ పిల్లలు ముఖ్యంగా చదవాల్సిన భాగం ఇది. యూనివర్సిటీ తరఫున పరుగెత్తడానికి ఆయన కావాలి, పతకాలు కావాలి. కాని క్యాంపస్‌లోని హాస్టల్‌లో మాత్రం ఆయనకు చోటు లేదు, ఎందుకంటే నల్లవాడు. తోటి నల్లజాతి క్రీడాకారులతో కలిసి బయట అద్దె ఇంట్లో ఉండాల్సి వచ్చింది. స్కాలర్‌షిప్ కూడా లేదు. ఖర్చుల కోసం రాత్రిపూట రాష్ట్ర ప్రభుత్వ భవనంలో లిఫ్టు నడిపాడు. హోటల్లో వడ్డించాడు, పెట్రోలు బంకులో పని చేశాడు, లైబ్రరీలో పుస్తకాలు సర్దాడు. పోటీలకు జట్టుతో కలిసి ఊళ్లు వెళ్లినప్పుడు తెల్ల ఆటగాళ్లు హోటల్లో కూర్చుని తింటే, నల్ల ఆటగాళ్లు పొట్లం కట్టించుకుని తినాలి, లేదా నల్లవాళ్ల హోటల్ ఎక్కడుందో వెతుక్కోవాలి. మన టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

అక్కడ ఆయనకు శిక్షణ ఇచ్చినవాడు లారీ స్నైడర్. పరుగు ప్రారంభం, లాంగ్ జంప్‌లో గాలిలో కాళ్లు ఆడించే తీరు ఆయన దగ్గరే మెరుగుపడ్డాయి. అయితే పని, ప్రాక్టీసు, ప్రయాణాల మధ్య చదువు వెనకబడింది. 1936 మొదట్లో మార్కులు తక్కువ వచ్చినందుకు కొన్నాళ్లు పోటీలకు కూడా దూరమయ్యాడు. ఆ లోటు తర్వాతి జీవితంలో ఆయన్ని చాలా బాధపెట్టింది.

నలభై అయిదు నిమిషాలు

1935 మే 25. మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో యూనివర్సిటీల మధ్య పోటీలు. అంతకు కొద్ది రోజుల ముందే ఓవెన్స్ మెట్ల మీద నుంచి పడి నడుముకు దెబ్బ తగిలించుకున్నాడు. వంగలేకపోతున్నాడు. కోచ్ వద్దన్నాడు. ఒక్క పరుగు పరుగెత్తి చూస్తాను, నొప్పి ఉంటే మానేస్తానని ఒప్పించాడు.

మధ్యాహ్నం 3 గంటల 15 నిమిషాలకు 100 గజాల పరుగు. 9.4 సెకన్లు, ప్రపంచ రికార్డుతో సమానం. తర్వాత లాంగ్ జంప్. ఒక్కటే ఒక్క దూకు. 26 అడుగుల 8¼ అంగుళాలు, అంటే 8.13 మీటర్లు. కొత్త ప్రపంచ రికార్డు. తర్వాత 220 గజాల పరుగు 20.3 సెకన్లలో, మళ్లీ ప్రపంచ రికార్డు. చివరగా 220 గజాల లో హర్డిల్స్ 22.6 సెకన్లలో, అదీ ప్రపంచ రికార్డే. మొత్తం కలిపి ముప్పావు గంట. మన హాస్టల్లో ఒక స్టడీ అవర్ పూర్తయ్యేలోపు ఆయన మూడు ప్రపంచ రికార్డులు సృష్టించి, ఒకదాన్ని సమం చేశాడు. అందులో లాంగ్ జంప్ రికార్డు 1960 వరకు, అంటే 25 ఏళ్లు నిలిచింది. అథ్లెటిక్స్ చరిత్రలో ఒక మనిషి ఒక్క రోజులో చేసిన అతి గొప్ప ప్రదర్శన ఇదేనని ఇప్పటికీ చాలామంది నిపుణులు అంటారు.

ఆ ఏడాది జూలైలోనే తనకు స్కూలు రోజుల నుంచి పరిచయమున్న రూత్‌ను పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు ముగ్గురు ఆడపిల్లలు.

బెర్లిన్, 1936

1936 ఒలింపిక్స్ జర్మనీ రాజధాని బెర్లిన్‌లో జరిగాయి. అప్పుడు అక్కడ హిట్లర్ పాలన. తమ ఆర్య జాతే గొప్పదని, యూదులు, నల్లవాళ్లు తక్కువవాళ్లని నాజీలు ప్రచారం చేస్తున్న కాలం. అలాంటి చోటికి వెళ్లకూడదని అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. చివరికి జట్టు వెళ్లింది. అందులో 18 మంది నల్లజాతి క్రీడాకారులు ఉన్నారు.

ఆగస్టు 3న 100 మీటర్ల పరుగులో ఓవెన్స్ 10.3 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. రెండో స్థానం వచ్చిన రాల్ఫ్ మెట్‌కాఫ్ కూడా నల్లజాతివాడే. 4న లాంగ్ జంప్‌లో 8.06 మీటర్లు దూకి రెండో స్వర్ణం. 5న 200 మీటర్లలో 20.7 సెకన్లతో మూడో స్వర్ణం. 9న 4×100 మీటర్ల రిలేలో నాలుగో స్వర్ణం. ఆ రిలే జట్టు 39.8 సెకన్లతో ప్రపంచ రికార్డు కూడా సృష్టించింది. స్టేడియంలో కూర్చున్న జర్మన్ ప్రజలే ఆయన పేరు పెట్టి కేకలు వేసి అభినందించారు.

లాంగ్ జంప్‌లో ఆయనకు గట్టి పోటీ ఇచ్చింది జర్మనీ ఆటగాడు లుజ్ లాంగ్. ఫైనల్లో లాంగ్ 7.87 మీటర్లు దూకి ఓవెన్స్‌ను అందుకున్నాడు. తర్వాత ఓవెన్స్ ఇంకా ముందుకు దూకి గెలిచాడు. ఓడిపోయిన లాంగ్ అందరికన్నా ముందు వచ్చి అభినందించి, హిట్లర్ కూర్చున్న స్టేడియంలోనే ఆ నల్ల యువకుడి చేతిలో చేయి వేసి నడిచాడు. అర్హత పోటీలో ఓవెన్స్ తడబడుతుంటే లాంగే వచ్చి సలహా ఇచ్చాడనే కథ కూడా ప్రచారంలో ఉంది. ఓవెన్స్ సభల్లో అలాగే చెప్పేవాడు. చరిత్రకారులు మాత్రం దాన్ని నమ్మడం లేదు. ఆ సలహా సంగతి ఎలా ఉన్నా వాళ్ల స్నేహం మాత్రం నిజం. లాంగ్ 1943లో యుద్ధంలో సిసిలీలో చనిపోయాడు. 1951లో ఓవెన్స్ జర్మనీ వెళ్లినప్పుడు లాంగ్ కొడుకును వెతికి కలుసుకున్నాడు.

హిట్లర్ ఓవెన్స్‌కు కరచాలనం ఇవ్వకుండా అవమానించాడని మనం క్విజ్ పుస్తకాల్లో చదువుకున్నాం. అది కూడా పూర్తిగా నిజం కాదు. మొదటి రోజు హిట్లర్ కొందరు విజేతలను పిలిచి అభినందించాడు. హైజంప్‌లో నల్లజాతి అమెరికన్ కోర్నీలియస్ జాన్సన్ గెలిచి పతకం తీసుకునే సమయానికి స్టేడియం నుంచి వెళ్లిపోయాడు. అభినందిస్తే అందరినీ అభినందించాలి, లేదా ఎవరినీ వద్దని ఒలింపిక్ కమిటీ చెప్పడంతో ఆ తర్వాత బహిరంగంగా ఎవరినీ అభినందించలేదు. ఓవెన్స్ గెలిచింది ఆ తర్వాతే.

ఆ రిలే వెనుక ఒక చేదు సంగతి కూడా ఉంది. జట్టులో ఉన్న ఇద్దరు యూదు ఆటగాళ్లు మార్టీ గ్లిక్‌మన్, శామ్ స్టోలర్‌లను చివరి నిమిషంలో తప్పించి ఓవెన్స్‌ను, మెట్‌కాఫ్‌ను వేశారు. తనకు మూడు పతకాలు చాలు, వాళ్లనే పరుగెత్తనివ్వండని ఓవెన్స్ అడిగాడని, అధికారులు వినలేదని తర్వాత గ్లిక్‌మన్ చెప్పాడు.

ఆ బెర్లిన్‌లోనే ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ నాయకత్వంలో మన హాకీ జట్టు జర్మనీని 8-1 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచింది.

సరుకుల లిఫ్టులో సన్మానానికి

తిరిగొచ్చిన ఓవెన్స్‌ను న్యూయార్క్ వీధుల్లో ఊరేగించారు. జనం మేడల మీద నుంచి కాగితం ముక్కలు పూలలా కురిపించారు. ఊరేగింపు అయ్యాక పెద్ద హోటల్లో ఆయనకే సన్మానం. ఆ సన్మానానికి ఆయన ముందు తలుపు నుంచి, అందరూ ఎక్కే లిఫ్టులో వెళ్లడానికి వీల్లేదన్నారు. సామాన్లు మోసే లిఫ్టు ఎక్కి తన సన్మానానికి తాను వెళ్లాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నుంచి పిలుపు రాలేదు, ఒక అభినందన తంతి కూడా రాలేదు. హిట్లర్ చేసిన దానికన్నా ఇదే తనను ఎక్కువ బాధపెట్టిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

అంతకుముందే ఇంకో దెబ్బ తగిలింది. ఒలింపిక్స్ అయిపోగానే అథ్లెటిక్స్ సంఘం వాళ్లు జట్టును యూరప్ అంతా తిప్పి ప్రదర్శన పోటీలు పెట్టారు. వసూళ్లు సంఘానికి, పరుగు ఆటగాళ్లకు. అలసిపోయిన ఓవెన్స్ స్వీడన్ వెళ్లనని ఇంటికి బయలుదేరాడు. వెంటనే ఆయన్ని సస్పెండ్ చేశారు. నాలుగు స్వర్ణాలు గెలిచిన కొద్ది రోజులకే, 23 ఏళ్లు నిండకముందే ఆయన పోటీ పరుగు ముగిసిపోయింది.

చేతిలో డిగ్రీ లేదు, భార్యాబిడ్డలు ఉన్నారు. వస్తాయన్న పెద్ద పెద్ద అవకాశాలు మాటలకే మిగిలాయి. 1936 డిసెంబరులో క్యూబాలోని హవానాలో డబ్బు కోసం గుర్రంతో పందెం పరుగెత్తాడు. ఆ తర్వాత కూడా ఊరూరా అలాంటి ప్రదర్శనలు ఇచ్చాడు. ఒలింపిక్ విజేత జంతువుతో పరుగెత్తడం ఏమిటని విమర్శించినవాళ్లు ఉన్నారు. నాలుగు పతకాలు ఉన్నా వాటిని తిని బతకలేం కదా అన్నదే ఆయన జవాబు. క్లీవ్‌లాండ్‌లో పిల్లల ఆటస్థలం చూసుకునే ఉద్యోగం చేశాడు. బట్టలు ఉతికే వ్యాపారం పెట్టి నష్టపోయి 1939లో దివాలా తీశాడు.

1940లో డిగ్రీ పూర్తి చేయాలని మళ్లీ యూనివర్సిటీకి వెళ్లాడు. సంసారం, సంపాదన చూసుకుంటూ చదవలేకపోయాడు. మార్కులు రాక 1941లో వదిలేశాడు. యుద్ధకాలంలో డెట్రాయిట్‌లోని ఫోర్డ్ కంపెనీలో నల్లజాతి కార్మికుల వ్యవహారాలు చూసే ఉద్యోగం చేశాడు.

మళ్లీ నిలబడ్డాడు

1949లో షికాగోకు మారిన తర్వాత ఆయన జీవితం కుదుటపడింది. ప్రజాసంబంధాల పని, ఉపన్యాసాలు, యువజన కార్యక్రమాలు. 1950లో అమెరికా పత్రికా విలేకరులు గత యాభై ఏళ్లలో అత్యుత్తమ ట్రాక్ అథ్లెట్‌గా ఆయన్ని ఎన్నుకున్నారు. 1955లో అమెరికా ప్రభుత్వం ఆయన్ని సుహృద్భావ రాయబారిగా పంపింది. ఆ పర్యటనలో ఆయన మన భారతదేశానికి కూడా వచ్చాడు.

ఆయన తప్పులు చేయలేదని కాదు. ఆదాయపు పన్ను సరిగా కట్టనందుకు 1966లో జరిమానా పడింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల విజేత టామీ స్మిత్, మూడో స్థానం వచ్చిన జాన్ కార్లోస్ పతకాల వేదిక మీద నల్ల తొడుగు వేసిన పిడికిళ్లు ఎత్తి తమ జాతికి జరుగుతున్న అన్యాయాన్ని లోకానికి చూపారు. అప్పుడు ఓవెన్స్ అధికారుల పక్షాన నిలిచాడు. 1970లో ఆ యువకుల పోరాట ధోరణిని తప్పుపడుతూ పుస్తకం కూడా రాశాడు. సొంత జాతి యువకులే ఆయన్ని తిట్టారు. రెండేళ్లు తిరక్కుండానే 1972లో తన అభిప్రాయం మారిందని, వాళ్ల కోపంలో న్యాయం ఉందని ఒప్పుకుంటూ మరో పుస్తకం రాశాడు. అరవైకి దగ్గరపడిన పేరున్న మనిషి నేను పొరబడ్డానని అచ్చులో చెప్పడం చిన్న విషయం కాదు. నాలుగు స్వర్ణాలంత విలువ దీనికీ ఉందని నా అభిప్రాయం.

అదే 1972లో, ఒకప్పుడు హాస్టల్‌లో చోటివ్వని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ దేశ అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చాడు. బెర్లిన్ గెలుపుకు అది సరిగ్గా 40 ఏళ్ల తర్వాత.

చాలా ఏళ్లు సిగరెట్లు తాగిన ఓవెన్స్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1980 మార్చి 31న అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో కన్నుమూశాడు. తమ్ముళ్లూ, హాస్టల్ గోడ వెనక్కి వెళ్లి సరదాగా ఒకటి వెలిగించేవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదవండి. 1984లో బెర్లిన్ స్టేడియం పక్కన ఒక రోడ్డుకు ఆయన పేరు పెట్టారు. ఆ ఏడాదే లాస్ ఏంజిలిస్‌లో కార్ల్ లూయిస్ అవే నాలుగు అంశాల్లో నాలుగు స్వర్ణాలు గెలిచాడు. 2016లో, బెర్లిన్‌కు వెళ్లిన ఆ 18 మంది కుటుంబాలను అధ్యక్షుడు ఒబామా వైట్‌హౌస్‌కు పిలిచి గౌరవించాడు. 1936లో రావలసిన పిలుపు 80 ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి వాళ్లలో చాలామంది లేరు.

మనం తీసుకోవాల్సింది

ఈ కథ చదివి కష్టపడితే అన్నీ వస్తాయి అని తేలిగ్గా చెప్పలేను. ఓవెన్స్ కన్నా ఎక్కువ కష్టపడినవాళ్లు ఎవరు? అయినా ఆయన ఎక్కింది సరుకుల లిఫ్టే. గెలుపు ఒక్కటే తలుపులు తెరవదు. తలుపులు తెరిపించడానికి చట్టం కావాలి, ఉద్యమం కావాలి, పదిమంది కలవాలి. మనకు ఈ హాస్టల్, ఈ మెస్, ఈ స్కాలర్‌షిప్ ఊరికే రాలేదు. వాటి వెనుక ఎందరో పెద్దల పోరాటం ఉంది. ఓవెన్స్‌కు ఒక్క గది, ఒక పూట భోజనం యూనివర్సిటీ ఇచ్చి ఉంటే రాత్రిళ్లు లిఫ్టు నడిపే బదులు చదువుకునేవాడు, డిగ్రీ చేతికొచ్చేది, గుర్రాలతో పరుగెత్తే అవసరం పడేది కాదేమో.

అందుకే ఆటలు ఆడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కటే మాట. పరుగెత్తండి. జిల్లాకు, రాష్ట్రానికి ఆడండి. కాని పుస్తకం మాత్రం వదలకండి. నేను ఆటలకు పోయి ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోగొట్టుకుని, అది రాసి పాసవడానికి మూడేళ్లు తీసుకున్నవాణ్ణి. అందుకే చెబుతున్నాను. ఇక ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. రైలీ మాస్టారు చేసింది పెద్ద ఖర్చు పని కాదు. ఒక్క పిల్లవాడి కోసం గంట ముందు లేచాడు. మనలో ఒక్కొక్కరు ఏడాదికి ఒక్కసారైనా హాస్టల్‌కు వచ్చి ఒక్క పిల్లవాడికి లెక్కలో, ఇంగ్లీషో, పరుగో నేర్పితే చాలు.

బెర్లిన్‌లో ప్రతి స్వర్ణ విజేతకు పతకంతో పాటు ఒక చిన్న ఓక్ మొక్క ఇచ్చారు. ఓవెన్స్ వాటిని ఇంటికి తెచ్చాడు. క్లీవ్‌లాండ్‌లోని ఒక స్కూలు మైదానం దగ్గర అందులో ఒకటి నాటారని, అది మానై ఎన్నో తరాల పిల్లలకు నీడనిచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. ఈ వార్షికోత్సవం రోజున మన హాస్టల్ ఆవరణలో కూడా వేపో, కానుగో ఒక మొక్క నాటుదాం. నీళ్లు పోసే బాధ్యత ఆరో తరగతి తమ్ముళ్లది. వాళ్లు పదో తరగతికి వచ్చేసరికి దాని కింద కూర్చుని చదువుకోవచ్చు.



— మీ హాస్టల్ పూర్వ విద్యార్థి